కౌన్సిల్ టాక్స్ బిల్లులో పోలీసుల వాటా: ఇది మనమెందుకు కట్టాలి?

పెన్నగట్టు | 2025 మార్చి 16, ఆదివారం ఉదయం

ఇక్కడ బ్రిటన్‌లో ఇంటి మీద వేసే స్థానిక పన్నును కౌన్సిల్ టాక్స్ అంటారు. కొత్త ఏడాది బిల్లు నిన్న వచ్చింది. ఇన్నేళ్ళూ అడుగున ఉన్న మొత్తం చూసి, బ్యాంకు నుంచి అదే పోతుందిలే అని పక్కన పడేసేవాణ్ణి. ఈసారి కడుపుమంటతో వరుస వరుసా చదివాను. కౌన్సిల్‌కు ఇంత, అగ్నిమాపక దళానికి ఇంత, పోలీసులకు ఇంత అని విడివిడిగా ఉంది. పోలీసుల వాటా నిరుటికంటే సరిగ్గా 14 పౌండ్లు పెరిగింది. ఇంటి ధరను బట్టి వేసిన తరగతుల్లో (బ్యాండ్లు) మాది డి బ్యాండ్ ఇల్లు.

కడుపుమంట ఎందుకంటే, నవంబరులో మా పెరటి షెడ్డు తాళం పగలగొట్టి సైకిలు ఎత్తుకుపోయారు. ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేశాను. ఒక నంబరు ఇచ్చారు. మూడో రోజు 'ఆధారాలు లేనందున దర్యాప్తు ముగిస్తున్నాం' అని ఉత్తరం వచ్చింది. మనిషి మాత్రం రాలేదు. మా ఊరి పేరు చెప్పను, చెప్పినా ప్రయోజనం లేదు.

నా సందేహం ఇది. నెల్లూరులో మా నాన్నగారు నలభై ఏళ్ళు మున్సిపాలిటీకి ఇంటిపన్ను కట్టారు. ఆ రసీదుల్లో 'పోలీసు' అన్న మాటే చూడలేదు. ఇక్కడ జీతంలోంచి ఆదాయపు పన్ను కోస్తున్నారు, మళ్ళీ ఇంటి మీద పోలీసు పన్ను వేస్తున్నారు. ఒకే సరుకుకు రెండు బిల్లులా?

---

రసీదు బాబాయి | మార్చి 16

నేను ఒక కౌన్సిల్‌లో ఈ బిల్లులు పంపే విభాగంలోనే పదకొండేళ్ళుగా పనిచేస్తున్నాను. ఫోనులో నన్ను 'మీ పోలీసులు ఎక్కడ చచ్చారు' అని అడిగినవాళ్ళ లెక్క ఎప్పుడో మరిచిపోయాను. ఆ డబ్బు మాది కాదండీ. మేము వసూలు చేసి అప్పగించేవాళ్ళం మాత్రమే. మనియార్డరు తెచ్చిన పోస్ట్‌మ్యాన్‌ను పట్టుకుని 'ఇంతేనా పంపారు' అని నిలదీసినట్టు ఉంటుంది నా పరిస్థితి.

బిల్లులోని ఈ పోలీసు వాటాను ప్రిసెప్ట్ అంటారు. ఇంగ్లండ్, వేల్స్‌లలో కలిపి 43 ప్రాంతీయ పోలీసు దళాలున్నాయి. 2012 నవంబరు నుంచి చాలాచోట్ల వాటి మీద ఎన్నికైన పోలీస్ అండ్ క్రైమ్ కమిషనర్ ఉంటున్నారు. లండన్, గ్రేటర్ మాంచెస్టర్ వంటి చోట్ల ఆ అధికారం మేయర్‌ది. దళం ఖర్చుకు స్థానికంగా ఎంత కావాలో కమిషనర్ ప్రతిపాదించి ఫిబ్రవరి 1 లోగా ఒక కమిటీ ముందు పెట్టాలి. ఆ కమిటీలో ఎక్కువమంది ఆ ప్రాంతపు కౌన్సిలర్లే. మూడింట రెండొంతుల మంది కాదంటే ఆ ప్రతిపాదన వెనక్కి పోతుంది. అది తేలాక అంకె మాకు వస్తుంది, మేము బిల్లులో ఒక వరుసగా అచ్చు వేస్తాం.

మీ రెండు బిల్లుల మాటకు వస్తే, అది నిజమే. దేశం మొత్తం మీద పోలీసు ఖర్చులో సుమారు మూడో వంతు కౌన్సిల్ టాక్స్ నుంచి, మిగతాది ఎక్కువగా హోం శాఖ గ్రాంట్ల నుంచి వస్తుంది. రెండూ మన జేబులోవే. ఒకటి మనకు కనిపించకుండా పోతుంది, రెండోది కనిపించి పోతుంది. తిట్లన్నీ కనిపించేదానికే.

---

గిల్‌ఫర్డ్ గోంగూర | మార్చి 16

మూడో వంతు అన్నది సగటు, బాబాయిగారూ. లండన్ పక్కనున్న మా సర్రీలో పోలీసు డబ్బులో సగానికి పైగా మా ఇళ్ళ మీది పన్నే. దేశంలోనే అత్యధికంగా కట్టేవాళ్ళలో మేమున్నాం. 'మీరు కలిగినవాళ్ళు, మీరే కట్టుకోండి' అని లండన్ చేతులు దులుపుకున్నట్టుంది. అందులో మాది అద్దె ఇల్లు! ఇల్లు యజమానిది, దాని ధర పెరిగితే లాభం యజమానిది, కౌన్సిల్ టాక్స్ మాత్రం నాది.

---

టైన్ తీరం | మార్చి 16

గోంగూరగారూ, మీ బాధ విన్నాను. ఇప్పుడు మా న్యూకాజిల్ సంగతి వినండి.

మా నార్తంబ్రియా దళానికి స్థానిక పన్ను నుంచి వచ్చేది ఐదో వంతు ప్రాంతంలోనే. ప్రిసెప్ట్ కూడా ఏళ్ళ తరబడి ఇంగ్లండ్‌లో అతి తక్కువగా ఉన్న చోటు ఇది. వినడానికి హాయిగా ఉంటుంది కదా? అసలు తిరకాసు ఇక్కడే ఉంది. 2010లో వచ్చిన ప్రభుత్వం పోలీసు గ్రాంట్లలో, ధరల పెరుగుదల తీసేసి చూస్తే, నాలుగేళ్ళలో 20 శాతం కోత ప్రకటించింది. కోత అందరికీ ఒకే శాతం, దెబ్బ మాత్రం ఒకే రకం కాదు. ఖర్చులో 80 శాతం గ్రాంటు మీద బతికే దళానికి మొత్తం బడ్జెట్‌లో 16 శాతం పోయింది. సగమే గ్రాంటు ఉన్న దళానికి 10 శాతం పోయింది. ఒకే చెరువులో నీళ్ళు తగ్గాయి, బావి ఉన్న రైతు తట్టుకున్నాడు, కాలువ మీదే ఆధారపడ్డవాడి పొలం ఎండింది.

దేశం మొత్తం మీద చూస్తే 2010 తర్వాత ఏడెనిమిదేళ్ళలో సుమారు 20 వేల మంది పోలీసులు తగ్గారు. తర్వాత అదే 20 వేల మందిని మళ్ళీ చేర్చుకుంటామని గొప్పగా ప్రకటించి, 2023 మార్చికి లెక్క పూర్తి చేశారు. పోయినవాళ్ళు పాతికేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళు, వచ్చినవాళ్ళు కొత్త బూట్లతో వచ్చారు. పెన్నగట్టుగారి సైకిలు కేసు మూడు రోజుల్లో మూతపడటానికి ఇందులో కొంత పాత్ర లేకపోలేదు.

---

పెన్నగట్టు | మార్చి 17

మరి మీ దగ్గర పన్ను పెంచుకుంటే సరిపోతుంది కదా? అతి తక్కువ అని మీరే అన్నారు.

---

టైన్ తీరం | మార్చి 17

సరిపోదు. పెంపుకు హద్దుంది, హద్దు దాటితే ప్రజాభిప్రాయ సేకరణ పెట్టాలి. ఆ హద్దును డి బ్యాండ్ ఇంటికి పౌండ్లలో చెబుతారు. 2018-19లో 12, ఆ తర్వాత వరుసగా 24, 10, 15, 10, 15, 13, 2025-26లో 14. కూడితే ఎనిమిదేళ్ళలో 113 పౌండ్లు. మీ బిల్లులో సరిగ్గా 14 పెరిగిందంటే మీ కమిషనర్ హద్దు గీత మీద నిలబడ్డారన్నమాట.

కానీ డి బ్యాండ్ ఇళ్ళు అన్నిచోట్లా ఒకేలా ఉండవు. ఎ బ్యాండ్ ఇంటికి డి లో తొమ్మిదింట ఆరు వంతులు, ఎఫ్ కు తొమ్మిదింట పదమూడు వంతులు, హెచ్ కు రెట్టింపు. రెండు ఊళ్ళు ఊహించుకోండి. ఒక్కో ఊళ్ళో లక్ష ఇళ్ళు. ఒకదానిలో అన్నీ ఎ, రెండోదానిలో అన్నీ ఎఫ్. ఇద్దరూ 'పద్నాలుగు పౌండ్లు' పెంచారు. మొదటి ఊరికి వచ్చేది 9 లక్షల 33 వేలు. రెండో ఊరికి 20 లక్షల 22 వేలు. మా టైన్ ఒడ్డున ఎ బ్యాండ్ ఇళ్ళు వరుసలు వరుసలుగా ఉన్నాయి. ఎంత పిండినా అంతే వస్తుంది. దొంగతనాలు, తాగుడు గొడవలు, ఇంట్లో కొట్టుకోవడాలు మాత్రం బ్యాండ్ చూసి తగ్గవు.

---

గిల్‌ఫర్డ్ గోంగూర | మార్చి 17

అయ్యా, ఆ బ్యాండ్లే ఒక వింత. ఇంగ్లండ్‌లో అవన్నీ 1991 ఏప్రిల్ 1 నాటి ధరల మీద వేసినవి. అప్పుడు 40 వేల పౌండ్లలోపు ఉన్నది ఎ, 3 లక్షల 20 వేలు దాటినది హెచ్. నేను పుట్టకముందు ఎవరో వేసిన అంచనాతో ఇవాళ్టి నా పోలీసు పన్ను నిర్ణయమవుతోంది. నా జీతానికీ దానికీ ఏ సంబంధమూ లేదు. ఉత్తరాదివాళ్ళకు ఇంకా ఇవ్వాలంటే ఇవ్వండి, కాదనను. ఆదాయపు పన్ను నుంచి ఇవ్వండి. 'సర్రీ' అనగానే అందరికీ గుర్రాల శాలలు ఉన్నట్టు మాట్లాడవద్దు.

---

టైన్ తీరం | మార్చి 17

గుర్రాల మాట నేను అనలేదు.

---

గిల్‌ఫర్డ్ గోంగూర | మార్చి 17

బావి అన్నారు. అదే మాట.

---

నిర్వాహకుడు | మార్చి 17

ఇద్దరూ చల్లబడండి. బావులూ గుర్రాలూ పక్కన పెట్టి విషయంలోకి రండి.

---

క్లైడ్ ఒడ్డు | మార్చి 18

గ్లాస్గో నుంచి చిన్న మాట. మాకు ఈ తగువు లేదు. 2013 ఏప్రిల్ 1న ఎనిమిది దళాలను కలిపి పోలీస్ స్కాట్లండ్ చేశారు. డబ్బు స్కాటిష్ ప్రభుత్వం నుంచే వెళ్తుంది, మా కౌన్సిల్ టాక్స్ బిల్లులో పోలీసు వరుస ఉండదు. అయితే మా వీధికి గస్తీ తగ్గిందని ఎవరిని అడగాలో మాకు తెలియదు. మీకు కనీసం తిట్టడానికి ఒక పేరుంది.

---

కార్డిఫ్ కందిపొడి | మార్చి 18

వేల్స్‌లో ప్రిసెప్ట్ ఉంది, మీరు చెప్పిన ప్రజాభిప్రాయ సేకరణ నిబంధన లేదు. మరీ పెంచితే అడ్డుకునే అధికారం వేల్స్ ప్రభుత్వానికి ఉంటుంది. బ్యాండ్లు 2003 నాటి ధరల మీద తిరిగి వేశారు, పైన ఐ అని ఇంకొకటి చేర్చారు. గోంగూరగారు అసూయపడవద్దు, అప్పుడు మా వీధిలో సగం మంది పై బ్యాండుకు ఎగబాకారట.

---

పాతకాగితాలు | మార్చి 19

రాజమండ్రిలో చరిత్ర చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నాను. మా అబ్బాయి లీడ్స్‌లో ఉంటాడు, అందుకే ఈ గుంపులోకి తొంగి చూస్తుంటాను. మీ తగువు చదువుతుంటే ముచ్చటేసింది, ఎందుకంటే ఇది కొత్తది కాదు.

1829లో రాబర్ట్ పీల్ లండన్ పోలీసును పెట్టినప్పుడు ఆ ఖర్చును పారిష్‌ల (చర్చి పరిధిని బట్టి ఏర్పడ్డ స్థానిక పాలనా విభాగాల) మీదే వేశాడు. ఆస్తి అద్దె విలువలో పౌండుకు 8 పెన్నీల దాకా వసూలు చేయవచ్చని చట్టంలో రాశారు. అప్పట్లో ఆ పన్ను మీద గోల మామూలుగా లేదు. కావలివాణ్ణి తామే పెట్టుకుని, తామే మందలించుకునే పారిష్‌లు, ఇప్పుడు డబ్బిచ్చి అధికారం హోం మంత్రికి అప్పగించాలా అని మండిపడ్డాయి. కొన్నేళ్ళకే ప్రభుత్వం కొంత భరించక తప్పలేదు. 1856 చట్టంతో కౌంటీలన్నీ పోలీసును పెట్టితీరాలన్నారు. బదులుగా జీతాలు, దుస్తుల ఖర్చులో నాలుగో వంతు గ్రాంటు ఇస్తామన్నారు. ఊరికే ఇవ్వలేదు, తనిఖీ అధికారులు వచ్చి దళం సమర్థంగా ఉందని రాస్తేనే ఇచ్చారు. 1874లో దాన్ని సగం చేశారు. గ్రాంటుతో పాటు పెత్తనం ఎలా వస్తుందో చూడాలంటే ఆ పద్దెనిమిదేళ్ళు చాలు.

ఇక పెన్నగట్టుగారు నెల్లూరులో పోలీసు పన్ను లేదన్నారు. రసీదు లేదు, నిజమే. కానీ మన పల్లెల్లో కావలి ఏనాడూ ఉచితం కాదు. కళ్ళంలో ధాన్యం కొలిచేటప్పుడు కరణానికీ వెట్టికీ ఇచ్చినట్టే తలారికీ మేర కొలిచేవారు. రైతు గింజలతో కట్టిన పోలీసు పన్ను అదే. దొంగతనం జరిగితే సొత్తు పట్టుకురావడమో, నష్టం భరించడమో తలారి బాధ్యత అన్న ఆచారం కూడా చాలా చోట్ల ఉండేది. మీ సైకిలుకు ఆ ఆచారం వర్తిస్తే బాగుండేది! తర్వాత కంపెనీ, దొరతనం వచ్చి మేరలను రొక్కంలోకి మార్చి, పోలీసును జిల్లా కచేరీకి ముడివేశాయి. మద్రాసు రాష్ట్రానికి 1859లోనే విడిగా పోలీసు చట్టం వచ్చింది.

1861 నాటి భారత పోలీసు చట్టంలో 15వ సెక్షన్ ఇంకో రకం. అల్లర్లు జరిగిన ప్రాంతంలో అదనపు బలగాన్ని దింపి, ఆ ఖర్చు అక్కడి జనం దగ్గరే రాబట్టేవారు. శిక్షగా వేసే పోలీసు పన్ను అది. బీహారులో 1930లో చౌకీదారీ పన్ను (ఊరి కావలివాళ్ళ జీతాలకు వేసే పన్ను) కట్టేది లేదని ఊళ్ళకు ఊళ్ళు మొండికేశాయి. మన వాళ్ళ మనసులో 'పోలీసుకు నేనెందుకు కట్టాలి' అన్న ప్రశ్నకు వేర్లు అక్కడ కూడా ఉన్నాయేమో. నా ఊహే, రుజువు అడగవద్దు.

---

కూకట్‌పల్లి కుర్చీ | మార్చి 19

మాస్టారూ, నమస్కారం. మేరలు పోయాయని ఎవరన్నారు? మన రాజ్యాంగంలో పోలీసు రాష్ట్రాల జాబితాలో ఉంది, జీతాలు రాష్ట్ర బడ్జెట్ నుంచే. ఆధునికీకరణకు కేంద్రం కొంత గ్రాంటు ఇస్తుంది. నేను కట్టే ఆస్తిపన్నులో పోలీసు వాటా లేదు. కానీ మా అపార్ట్‌మెంటువాళ్ళం, పక్క వీధివాళ్ళం కలిసి చందాలు వేసుకుని కెమెరాలు పెట్టించాం. 2013 నాటి ప్రజా భద్రత చట్టం జనం ఎక్కువగా వచ్చిపోయే సంస్థలు కెమెరాలు పెట్టాలంటుంది. 'నేను సైతం' పేరుతో పోలీసులు కాలనీలనూ అడిగారు. ఐటీ కంపెనీల వైపు సైబరాబాద్ భద్రతా మండలి ఉంది, అక్కడ పరిశ్రమే ముందుకొచ్చి డబ్బు పెడుతుంది.

ఫలితం కూడా చెప్పాలి. మా గేటు ముందు బండి పోతే కెమెరాలో దొరికింది. రెండు వీధుల అవతల చందా వేసుకోలేని బస్తీ ఉంది. అక్కడ కెమెరాలు లేవు. టైన్ తీరంగారు చెప్పిన ఎ బ్యాండు, ఎఫ్ బ్యాండు కథ మా దగ్గర బిల్లు లేకుండానే నడుస్తోంది.

---

విద్యార్థిని_లెస్టర్ | మార్చి 20

మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. మా ఇంట్లో నలుగురం ఎమ్మెస్సీ విద్యార్థులం, మాకు కౌన్సిల్ టాక్స్ లేదు. జూన్‌లో ఒకరి కోర్సు అయిపోయి ఉద్యోగంలో చేరుతున్నారు. అప్పుడు ఈ పోలీసు వాటా కూడా పడుతుందా?

---

రసీదు బాబాయి | మార్చి 20

పడుతుందమ్మా. పూర్తికాలపు విద్యార్థులే ఉన్నంత వరకే ఇంటికి మినహాయింపు. కోర్సు ముగిసిన రోజు నుంచి ఆ వ్యక్తి లెక్కలోకి వస్తారు. మిగతా ముగ్గురూ ఇంకా విద్యార్థులే అయితే లెక్కకు ఒక్కరే పెద్దవాళ్ళు కాబట్టి, అడిగితే మొత్తం బిల్లులో 25 శాతం తగ్గిస్తారు. పోలీసు వాటా కూడా ఆ మేరకు తగ్గుతుంది. అడగకపోతే తగ్గించరు. ఈ విషయం తెలియక సర్దుకుపోయిన మన పిల్లల్ని చాలామందిని చూశాను.

---

పెన్నగట్టు | మార్చి 20

పోలీసు వాటా మేరకు నేను కట్టనంటే? నిరసనగా?

---

రసీదు బాబాయి | మార్చి 20

వద్దు. బిల్లులో ఒక వరుస తీసేసి కట్టే వీలు లేదు. వాయిదా తప్పితే గుర్తుచేసే ఉత్తరం వస్తుంది, తర్వాత కోర్టు సమన్లు, వాటి ఖర్చు కూడా మీ నెత్తినే. మీకు ఆ ఉత్తరం పంపేది నాలాంటివాడే. నాకు ఆ పాపం అంటగట్టకండి.

నిరసన తెలపాలంటే బెడ్‌ఫర్డ్‌షైర్ జనం చేసినట్టు చేయాలి. 2015లో అక్కడి కమిషనర్ వాటాను 15.8 శాతం పెంచాలనుకున్నారు. హద్దు దాటింది కాబట్టి మే 7న, సాధారణ ఎన్నికల రోజే, ఓటింగు పెట్టారు. దాదాపు 70 శాతం మంది వద్దన్నారు. తమాషా ఏమిటంటే పెంచిన అంకెతో బిల్లులు అప్పటికే ఇళ్ళకు వెళ్ళిపోయాయి. మళ్ళీ కొత్త బిల్లులు వేయాల్సి వచ్చింది. పోలీసు పన్ను మీద దేశంలో ఇప్పటివరకు జరిగిన ఓటింగు అదొక్కటే. ఆ తర్వాత ఏ కమిషనరూ గీత దాటే సాహసం చేయలేదు, చాలామంది గీతను ఆనుకునే కూర్చుంటున్నారు.

---

టైన్ తీరం | మార్చి 21

అసలు మందు గ్రాంటు పంచే సూత్రం మార్చడం. జనాభా, పేదరికం వంటి సూచికలతో ఏ దళానికి ఎంత అవసరమో తేల్చే సూత్రం ఒకటుంది. పేరుకే ఉంది. ఎవరికీ ఒక్కసారిగా తగ్గకూడదని సర్దుబాట్లు చేసి, చివరికి ఏటా అందరికీ ఒకే శాతం పెంచడమో తగ్గించడమో చేస్తూ వచ్చారు. 2015లో కొత్త సూత్రం తేబోయారు. అందులో హోం శాఖ తప్పుడు గణాంకాలు వాడిందని డెవన్ అండ్ కార్న్‌వాల్ కమిషనర్ కార్యాలయం బయటపెట్టింది. మంత్రి పార్లమెంటులో క్షమాపణ చెప్పి ఆ కాగితాలు అటక మీద పెట్టారు. ఇంకా అక్కడే ఉన్నాయి.

మరొకటి. మా న్యూకాజిల్ ఫుట్‌బాల్ మైదానం సెయింట్ జేమ్స్ పార్క్‌లో ఆట ఉన్న రోజు ఊరంతా పోలీసులే. మైదానం లోపలా, క్లబ్బు సొంత స్థలంలోనూ నిలబడే పోలీసులకే క్లబ్బు డబ్బు కడుతుంది. బయటి వీధుల గస్తీ మన లెక్కలోకే వస్తుంది. లీడ్స్ యునైటెడ్ అనే ఫుట్‌బాల్ క్లబ్బు కేసులో 2013లో అప్పీలు కోర్టు క్లబ్బు పక్షానే తీర్పిచ్చింది. ఆటగాళ్ళ జీతాలు తెలిసినవాళ్ళకు ఇది మింగుడుపడదు.

---

గిల్‌ఫర్డ్ గోంగూర | మార్చి 21

ఈ ఒక్క విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. తేదీ రాసి పెట్టుకోండి.

---

కార్డిఫ్ కందిపొడి | 2025 నవంబరు 15

పాత చర్చను పైకి తెస్తున్నాను. వార్త చూశారా? పోలీస్ కమిషనర్ల పదవులే రద్దు చేస్తామని మొన్న ప్రభుత్వం ప్రకటించింది. 2028 మేలో వాళ్ళ కాలం ముగిశాక ఆ పని మేయర్లకో, మేయర్లు లేని చోట కౌన్సిల్ నాయకుల బోర్డులకో వెళ్తుందట.

---

పాతకాగితాలు | నవంబరు 15

మొదటి ఎన్నికల్లో ఓటేసినవాళ్ళు 15 శాతమో ఎంతో. అప్పుడే అనుకున్నాను ఈ కుర్చీ కాళ్ళు గట్టివి కావని.

---

రసీదు బాబాయి | నవంబరు 15

కుర్చీ పోతుంది గానీ ప్రిసెప్ట్ పోదు. బిల్లులో ఆ వరుస పేరు మార్చి అచ్చు వేయాలి, అంతే నాకు పెరిగే పని. డిసెంబరు, జనవరిల్లో చాలాచోట్ల 'పోలీసుకు ఇంకొంత కడతారా' అని ఆన్‌లైన్ సర్వే పెడతారు. వందల మందే నింపుతారు. ఇక్కడ ఇంత రాసినవాళ్ళు ఆ ఒక్క పేజీ కూడా నింపండి.

---

గిల్‌ఫర్డ్ గోంగూర | నవంబరు 16

నేను 'కట్టను' గడిలోనే టిక్కు పెడతాను. సగానికి పైగా ఇప్పటికే కడుతున్నాం.

---

టైన్ తీరం | నవంబరు 16

నేను 'కడతాను' గడిలో. వచ్చేది తక్కువే అయినా, వేరే దారి ఏది?

---

పెన్నగట్టు | నవంబరు 16

నేను ఇంకా తేల్చుకోలేదు. పోయిన నెల మా గ్రంథాలయంలో పోలీసులతో ముఖాముఖి పెడితే వెళ్ళాను. వచ్చింది ఒక్క అమ్మాయి, కమ్యూనిటీ సపోర్ట్ ఆఫీసర్, అంటే పూర్తి పోలీసు అధికారాలు లేని గస్తీ ఉద్యోగి. మూడు వార్డులు ఆమె ఒక్కతే చూస్తుందట, వాటి మధ్య బస్సులో తిరుగుతుందట. సైకిలు సంగతి అడగాలని వెళ్ళినవాణ్ణి అడగకుండానే తిరిగి వచ్చాను. ఈమధ్య కొత్తది కొన్నాను. షెడ్డులో కాదు, వంటింట్లో ఫ్రిజ్ పక్కన పెడుతున్నాను. మా ఆవిడ రోజూ దాన్ని తప్పుకుంటూ అన్నం వండుతోంది.